నిదానమే ప్రధానము

నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. తెలుగు వాడుకలో నిదానమనగా తొందర లేకుండుట. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగమునకు మూలకారణము. ఆ కారణమును కనుగొను విధానము కూడ. మరల మరల చెడిపోవు కారు ముందు నిలిచిన వానికి ఈ రెండర్థములును ఒక్కటియే యని తోచును. తొందరపడువాడు కారణమును కనుగొనలేడు. కారణము తెలియనివానికి తొందర తప్పదు.

కారు చెడుట వింత కాదు. బాగుచేసిన కారు పదిదినములకే అదే రీతిని మొరాయించుట వింత. మొదట స్పార్కు ప్లగ్గులు మార్చుదురు. వారము దినములు బాగుగనే నడచును. పిదప కాయిలు మార్చుదురు; ఆ పిదప పెట్రోలు పంపు. ప్రతిసారియు ఒక బిల్లు, దానితోపాటు “ఇక భయము లేదు” అను అభయము. నాలుగవసారి కారు నడిబాటలో ఆగినప్పుడు యజమానికి మెకానిక్కు దొంగవలె కనబడును. మెకానిక్కునకు యజమాని కారు నడుపుట రానివానివలె కనబడును. కలవారికిది చికాకు మాత్రమే. అప్పుచేసి కారు కొని, అద్దెకు త్రిప్పుకొని బ్రతుకువానికి ఇది కూటి సమస్య. కారు షెడ్డులో నున్న దినమున రాబడి ఆగును గాని నెలవాయిదా ఆగదు.

లోపమెచ్చట? పెక్కు సందర్భములలో అది మోసము కాదు. లక్షణమునకు చికిత్స చేసి కారణమును విడిచిపెట్టుటయే లోపము. రోగనిర్ణయమునకే ఒక ప్రత్యేక గ్రంథము వ్రాసిన ప్రాచీనుడు మాధవకరుడు. మాధవ నిదానమని ప్రసిద్ధిచెందిన ఆ గ్రంథమున రోగము నెరుగుటకు ఐదు సాధనములు చెప్పబడినవి: నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి. అనగా మూలకారణము, ముందుగా పొడసూపు గురుతులు, వెల్లడియైన లక్షణములు, కొంత చికిత్స చేసి గుణము చూచు పరీక్ష, రోగము అంచెలంచెలుగా ముదిరిన క్రమము. ఇవి మానవదేహమునకై చెప్పినవే యైనను, ఇంజనునకు చక్కగా అన్వయించును.

ఇంజను వేడెక్కి నీరు మరగుట మనకందరకు తెలిసిన జబ్బు. అది రూపము మాత్రమే. దానిని చూచి రేడియేటరు కడిగించుదురు, థర్మోస్టాటు తీసివైచెదరు, వాటర్ పంపు మార్చుదురు. అయినను సూది ఎర్రగీతను దాటుచునే యుండును. ఇంజనులో సిలిండర్లున్న దిమ్మకును, పైనుండు హెడ్డునకును నడుమ గాస్కెట్టు అను పలుచని రేకు కలదు. మండుచున్న వాయువును, చల్లబరచు నీటిని, కందెన నూనెను ఒకదానితో నొకటి కలియకుండ కాపాడునది అదియే. అది ఒకచోట దెబ్బతిన్నచో మండిన వాయువు నీటిలోనికి చొచ్చి, బుడగలు పుట్టించి, నీటిని వెలికి నెట్టును. ఇట్టి స్థితిలో రేడియేటరు ఎంత క్రొత్తదైనను ఏమి ప్రయోజనము?

పూర్వరూపములు లేకపోలేదు. నేలపై చుక్క పడకుండగనే నీరు తరుగుచుండును. వేడెక్కిన తరువాత కూడ పొగగొట్టమునుండి తెల్లని పొగ వచ్చుచునే యుండును. ఉదయము కారు తీసినప్పుడు ఇంజను కొంతసేపు తడబడును. వీనిని గమనించినవాడు గాస్కెట్టును అనుమానించును. గాస్కెట్టు మార్చినను కొలదిదినములకే అది మరల పోవుట కలదు. ఇచ్చటనే సంప్రాప్తి తెలియవలెను. మొట్టమొదట ఫ్యానో, రేడియేటరు మూతయో చెడినది. అందుచే ఇంజను వేడెక్కినది. ఆ వేడికి అల్యూమినియపు హెడ్డు కొంచెము వంగినది. వంగిన హెడ్డు క్రింద గాస్కెట్టు నిలువలేదు. హెడ్డును సమతలముగ మరపట్టించక, మొదటి దోషమును సరిచేయక, గాస్కెట్టును మాత్రము మార్చినచో పగిలిన గోడకు సున్నము పూసినట్లే.

నేటి కార్లలో కంప్యూటరు కూడ చేరినది. 2020 ఏప్రిలు 1 నుండి మన దేశమున బి.ఎస్. 6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిదప, ఇంజను పనిని కనిపెట్టు సెన్సార్ల ప్రాముఖ్యము మరింత హెచ్చినది. డ్యాష్‌బోర్డుమీద దీపము వెలిగినంతనే స్కానరు తగిలించి, అది చూపిన అంకెనే రోగనిర్ణయముగ భావించుట నేటి పొరపాటు. ఉదాహరణకు పి0171 అను సంకేతమునకు, గాలి పాలు ఎక్కువై ఇంధనపు పాలు తక్కువైనదని మాత్రమే అర్థము. ఏల తక్కువైనదో అది చెప్పదు. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సారు ఆ వార్తను మోసికొనివచ్చినది గనుక దానినే మార్చివేయుట తరచుగ జరుగుచున్నది. ఎచ్చటనో ఒక రబ్బరు గొట్టము పగిలి, లెక్కకు రాని గాలి లోనికి పోవుచుండవచ్చును. ఆ గొట్టములలోనికి పొగ నింపి పరీక్షించినచో అది ఎచ్చట వెలికి వచ్చునో అచ్చట చీలిక కనబడును. దూతను చంపరాదని విభీషణుడు రావణునకు చెప్పినాడు. ఆ నీతి షెడ్డునకు కూడ వర్తించును.

ఉపశయమును పోలిన పరీక్ష మరియొకటి కలదు. ఒకటవ సిలిండరు సరిగ మండుటలేదని తెలిసినప్పుడు క్రొత్త కాయిలు కొనకముందే, దాని కాయిలును మూడవదానికి, మూడవదాని కాయిలును దీనికి మార్చి చూడవచ్చును. జబ్బు మూడవ సిలిండరునకు పోయినచో దోషము కాయిలుదే. ఒకటవదానియందే నిలిచినచో కాయిలు నిర్దోషి. దీనికి కావలసినది డబ్బు కాదు, ఓపిక. ఒకమారు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. నాలుగు వస్తువులు ఒక్కసారి మార్చినచో, జబ్బు పోయినను దేనివలన పోయినదో తెలియదు.

యజమాని చేయవలసిన పనియును కలదు. రోగి వైద్యునితో “నాకు ఫలానా మాత్ర ఈయుడు” అనినచో ఎట్లుండునో, “ప్లగ్గులు మార్చు” మని మెకానిక్కును ఆజ్ఞాపించుట అట్లే యుండును. చెప్పవలసినది లక్షణము. చల్లనప్పుడా, వేడెక్కిన పిదపనా? ఎత్తు ఎక్కునప్పుడా? వానలోనా? పెట్రోలు పోయించిన వెంటనేనా? ఎప్పుడు ఏమి జరిగినదో, ఏమి మార్చినారో తేదీతో ఒక చిన్న పుస్తకమున వ్రాసికొనినచో అది ఏ స్కానరునకును తీసిపోదు. తీసిన పాత వస్తువును అడిగి తీసికొనవలెను, బిల్లును దాచవలెను. మాట వినక పనిలో లోపము చేసినవారిపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద రెండేండ్లలోపల జిల్లా కమీషనుకు ఫిర్యాదు చేయవచ్చును. జాతీయ సహాయకేంద్రపు ఫోను సంఖ్య 1915. కాని ఆ పుస్తకము, ఆ బిల్లులు లేనివాని వాదము అచ్చట కూడ నిలుచుట కష్టము.

ఇంతకును మించిన కారణమొకటి మన అలవాటులోనే కలదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల, గురువు ప్రక్కన నిలిచి చిన్ననాటనే పని నేర్చి, ఇంజను చప్పుడు వినియే దోషము చెప్పగల పనివారు కలరు. అట్టివాడు రెండు గంటలు చెవియొగ్గి, పగిలిన గొట్టమునొకదానిని కనుగొని, చిన్న తుండు వేసి పంపినచో, “గొట్టమునకు ఇంత కూలియా?” అని పేచీ పెట్టుదుము. పెద్ద వస్తువు మార్చి పెద్ద బిల్లు వ్రాసినచో మారుమాటాడక చెల్లింతుము. వస్తువునకే గాని తెలివికి వెల కట్టని చోట, వస్తువులు మారుచునే యుండును, జబ్బు మారదు. వైద్యునకు మందు వెలయే గాక, నాడి పట్టిచూచినందులకు కూడ కానుక ఈయవలెనని మన పెద్దలెరుగుదురు. ఏమియు మార్చకుండ కారణము కనుగొని కారు తిరిగి యిచ్చిన మెకానిక్కు చేతిలో అడిగినంత పెట్టి నమస్కరించుటయే, అయిదవసారి కారు ఆగకుండుటకు మొదటి చికిత్స.