రేగడినేలపై హెబ్రీ కవిత

వైశాఖమాసపు మధ్యాహ్నమున పల్నాటి మెట్టపొలములను చూచినవారికి దాహమన్న మాటకు వేరొక నిర్వచనము అక్కరలేదు. పత్తి తీసి, మిరప కోసి, కళ్ళములు ఊడ్చిన పిమ్మట నల్లరేగడి నేల నెర్రెలు వారును. తొలకరి చినుకు పడువరకు ఆ నేల నోరు తెరచుకొనియే యుండును.

ఇటువంటి ఎండిన నేలనే, రెండువేల యేండ్లకు పూర్వము, యూదయ దేశమున ఒక హెబ్రీ కవి చూచెను. దైవమువైపు చేతులు చాచి, తన లోపలి దప్పికను వానకెదురుచూచు నేలతో పోల్చెను. 150 కీర్తనలుగల సంపుటములో అది 143వ కీర్తన. ఆ సంపుటమునకు హెబ్రీ భాషలో 'తెహిల్లీమ్', అనగా స్తుతులు, అని పేరు. తెలుగువారు దానిని దావీదు కీర్తనలందురు. వానిలో 73 కీర్తనలకు మాత్రమే దావీదు పేరు శీర్షికయందు కలదు.

పేరు స్తుతులేయైనను, అందు హెచ్చుపాలు మొరలు. కరవులో, వ్యాధిలో, శత్రువుల నడుమ నిలిచిన మనుష్యుడు దైవమును నిలదీసిన మాటలవి. 13వ కీర్తనలో కవి 'ఎంతకాలము' అని నాలుగు పర్యాయములు ప్రశ్నించును. అటువంటి కవిత్వము గుంటూరు, ఒంగోలు మెట్టసీమలకు ఎట్లు వచ్చెను? వచ్చి, ఛందస్సు లేని వచనముగా, ఈ నేలలో ఎట్లు వేరూనెను?

1818లో శ్రీరామపురమున కొత్త నిబంధన తెలుగులో అచ్చయ్యెను. 19వ శతాబ్ది మధ్యమునకు కీర్తనలతో కూడిన పాత నిబంధనయు తెలుగైనది. 1842లో లూథరను మిషనరీ హేయరు గుంటూరు చేరెను. 1866లో బాప్తిస్టు మిషనరీ క్లౌ ఒంగోలులో కాపురముండెను. 1876–78 నాటి మహాక్షామమున క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో ఒక భాగమునకు కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలాదిమందికి కూలి చూపెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరమున, వెల్లంపల్లి యొద్ద, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధిక సంఖ్యాకులు మాదిగలు. కరవు, కూలి, గౌరవకాంక్ష, విశ్వాసము వీనిలో ఏది ఎంతపాటి కారణమో చరిత్రకారులు నేటికిని చర్చించుచున్నారు. ఒకటి మాత్రము స్పష్టము. ఊరి బడి అరుగు ఎక్కనీయబడనివారి చేతికి ఒక ప్రాచీన కవితాసంపుటము వచ్చెను. చదువురానివారు దానిని విని కంఠస్థము చేసికొనిరి.

తెలుగు పద్యమును అన్యభాషలోనికి మార్చినవాడు మొట్టమొదట పోగొట్టుకొనునది యతిప్రాసలను. హెబ్రీ పద్యమునకు ఆ ప్రమాదము కొంత తక్కువ. దానికి శబ్దసౌందర్యము లేకపోలేదు. కాని దాని వెన్నెముక శబ్దము కాదు, భావము. ఒక పాదమున చెప్పిన భావమునకు రెండవ పాదము జతకట్టి నిలుచును. ఆక్సుఫర్డులో కవిత్వాచార్యుడుగానున్న రాబర్టు లౌత్ తన ఉపన్యాసములను 1753లో ప్రకటించి, ఈ జంటపాదముల నియమమును వివరించెను. మొదటి దానినే రెండవది వేరుమాటలతో చెప్పవచ్చును, ఎదురు చెప్పవచ్చును, పొడిగింపవచ్చును. దీనిని భావప్రాసమన్నచో తెలుగు విద్యార్థికి సులువుగా బోధపడును.

ఇది మనకు కొత్తది కాదు. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెతలో రెండు అంగములు ఒకే తూకమున నిలిచి యున్నవి. అయితే రెండవ పాదము మొదటిదానికి ప్రతిధ్వని మాత్రమే కాదని, అది మొదటి భావమును ముందుకు నడిపించునని 1981లో జేమ్సు కూగెల్, 1985లో రాబర్టు ఆల్టర్ తమ గ్రంథములలో నిరూపించిరి. "చేను ఎండినది, చేనిలో వేరును ఎండినది" అన్నచో రెండవ మాట పునరుక్తి కాదు. చూపు పైనుండి లోనికి దిగినది. హెబ్రీ కవి చేయు పని అదియే. ఛందస్సు జారిపోయినను ఈ దిగుడు అనువాదములో నిలుచును. అందుచేతనే తెలుగు కీర్తనలు వచనమయ్యును కవిత్వముగా చెవిని తాకుచున్నవి.

శతకములు వల్లించిన విద్యార్థికి మరియొక పోలిక కనబడును. 136వ కీర్తనలో 26 చరణములు కలవు. ప్రతి చరణము ఒకే పల్లవితో ముగియును. అది అచ్చముగ మకుటము. 80వ కీర్తనలోని మకుటము మూడుచోట్ల వచ్చును. వచ్చినప్పుడెల్ల అందలి దైవసంబోధన ఒక్కొక్క పదము చొప్పున పెరుగును. మొర పెట్టువాని స్వరము హెచ్చినట్లు తోచును. 119వ కీర్తన అక్షరమాలా రచన. హెబ్రీ అక్షరములు 22. ఒక్కొక్క అక్షరముతో ఎనిమిదేసి చరణములు మొదలై మొత్తము 176 అగును. ఈ అక్షరనియమము తెలుగులో నిలువలేదు. దాని గురుతుగా ఆయా భాగముల శిరస్సున ఆలెఫ్, బేత్ మొదలైన పేర్లు మాత్రము తెలుగు బైబిలులో మిగిలినవి.

అనువాదమున పోయినవి కలవు, దొరికినవియు కలవు. దప్పిగొన్న కవి మూలమునందు తన 'నెఫెష్' దప్పిగొన్నదనును. ఆ పదమునకు గొంతుక, ఊపిరి, ప్రాణము, తాను అని అర్థములు. 69వ కీర్తనలో మునిగిపోవువాడు నీరు తన నెఫెష్ దాక వచ్చినదని మొరపెట్టును. అచట అది గొంతుకయే. ఇంగ్లీషువారు దానిని తరచుగా ఆత్మ అన్న అర్థముగల పదముతో అనువదించిరి. తెలుగు అనువాదకులు 'ప్రాణము' అనిరి. తెలుగువాని ప్రాణము గొంతులోనికి వచ్చును, ఉసూరుమనును, ఒక మంచిమాట విని లేచివచ్చును. ఆత్మకు దప్పిక యెట్లు కలుగునో ఊహించుకొనవలెను. ప్రాణమునకు దప్పిక ఎవరును వివరింపనక్కరలేదు. అటులనే 23వ కీర్తనలోని లోయను పాత ఇంగ్లీషు అనువాదము మృత్యువు నీడతో ముడిపెట్టగా, తెలుగు బైబిలు దానిని గాఢాంధకారమన్నది. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులలో అనేకులు ఈ రెండవ అర్థమువైపే మొగ్గుచున్నారు.

కీర్తనలలోని బింబములు కొన్ని ఈ సీమలో కన్నెదుటనే కానవచ్చును. మొదటి కీర్తనలో సజ్జనుడు నీటియొడ్డున నాటిన చెట్టు. మూలములోని పదము నదిని చెప్పదు. పాయలుగా చీల్చి పారించిన నీటిని చెప్పును. తెలుగు అనువాదకులు 'కాలువ' అని సరియైన మాటనే వేసిరి. కృష్ణ ఆనకట్ట కాలువలు డెల్టాను తడిపినను మెట్టకు అందలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిన పిమ్మటనే పల్నాటి పొలములలో అనేకములు తడిసెను. కాలువ రాకముందును వచ్చినపిదపను ఆ కీర్తన చదివినవారికి అది ఒకే కీర్తన కాదు. దుర్జనుడో, గాలికెగిరిపోవు పొట్టు. తూర్పార పట్టిన కళ్ళమును చూచినవానికి అది వట్టి అలంకారము కాదు.

126వ కీర్తనలో విత్తువాడు ఏడ్చుచు విత్తును, కోయువాడు పాడుచు మోపులు మోసికొని వచ్చును. విత్తు చల్లుటకు కన్నీరెందుకు? కరవు నాట గాదెలో మిగిలిన గింజలే ఆహారము, అవియే విత్తనము. పిల్లలకు పెట్టవలసిన దానిని మట్టిలో పోయుట సామాన్యమైన విశ్వాసము కాదు. అదే కీర్తనలో కవి తన జనుల భాగ్యము దక్షిణపు ఎడారివాగులవలె మరలవలెనని కోరును. అవి ఏడాదిలో అధికకాలము ఎండియుండి, వాన కురిసిన గడియలో పొంగి పారును. నల్లమలలో వాన కురియగా ఇసుకమేటల నడుమ ఎర్రనీరు దిగుట ఎరిగిన గుండ్లకమ్మ తీరవాసులకు దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు.

అన్ని బింబములును ఇక్కడివి కావు. కీర్తనలలో మిరప లేదు. అది అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి నౌకలతో మనకు వచ్చిన పైరు. పత్తి మాత్రము హెబ్రీ గ్రంథములలో ఒక్కచోట, ఎస్తేరు కథలో, పారశీక చక్రవర్తి విందుమండపపు తెరలలో కనబడును. దాని హెబ్రీ నామము 'కర్పస్'. మన సంస్కృత 'కార్పాసము' పారశీకము మీదుగా వెళ్ళిన రూపమది. మిషనరీలు రాకకు ఎంతయో పూర్వమే ఈ దేశపు పత్తి తన పేరును ఆ గ్రంథములో వ్రాయించుకొని వచ్చెను.

ఇంతవరకు చెప్పినవి నేలకు, నీటికి సంబంధించినవి. ఈ సీమలో కీర్తనలు మరింత లోతుగా తాకినచోటు వేరొకటి కలదు. 113వ కీర్తన దరిద్రుని ధూళినుండియు, దీనుని పెంటకుప్పనుండియు లేవనెత్తి ప్రధానుల సరసన కూర్చుండబెట్టు దైవమును గూర్చి చెప్పును. పెంటకుప్ప అనగానే పండితుడు అలంకారమును వెదకును. పల్లెవాసి వెదకడు, ఊరు తనను ఎక్కడ ఉంచినదో అతడెరుగును. 23వ కీర్తనయు అట్టిదే. సగము వరకు దైవము గొఱ్ఱెల కాపరి. తరువాత బింబము మారి, అతిథికి విందుచేయు గృహస్థుడగును. ఆ విందు శత్రువుల కన్నులయెదుట సిద్ధమగును. మూలములోని బల్లను తెలుగు అనువాదకులు 'భోజనము' చేసిరి. ఊరిబావిలో చేద వేయనీయక, టీ దుకాణమున వేరు గ్లాసు పెట్టిన ఆచారము 20వ శతాబ్దిలోను సాగిన సీమలో, అందరి యెదుట వడ్డించిన విస్తరి సామాన్యమైన కోరిక కాదు. 1985 జూలైలో కారంచేడులో మంచినీటి చెరువు యొద్ద మొదలైన తగవు ఆరుగురు మాదిగల హత్యతో ముగిసెను. ఎంతకాలమన్న 13వ కీర్తన ప్రశ్న ప్రాచీనమని త్రోసివేయుటకు వీలుకానిది.

ఈ సీమయే గుఱ్ఱము జాషువను కన్నది. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున పుట్టిన ఆ కవి 1958లో వెలువరించిన 'క్రీస్తుచరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. కాని కీర్తనల పాఠకుడు ముందుగా తలచుకొనవలసినది 1941 నాటి 'గబ్బిలము'ను. దానికి దారి చూపినది కాళిదాసుని మేఘసందేశము. అయినను 84వ కీర్తనతో దానిని ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. ఆ కీర్తనలో దేవాలయమునకు దూరముగానున్న యాత్రికుడు, బలిపీఠము యొద్ద గూడు కట్టుకొన్న పిచ్చుకను, వానకోవెలను తలచి, వాని భాగ్యమునకు నిట్టూర్చును. జాషువ కావ్యములోని అస్పృశ్యుడు, తాను ప్రవేశింపరాని గుడిలో స్వేచ్ఛగా వ్రేలాడు గబ్బిలము ద్వారా తన మొరను శివుని చెవిని వేయుమని పంపును. ఇరువురును ఎగురు ప్రాణికి లభించిన చోటు తమకు లభింపలేదని చూచినవారే. భేద మొక్కటే. హెబ్రీ యాత్రికునికి అడ్డము దూరము, నడచినచో తీరును. జాషువ నాయకునికి అడ్డము తోడి మనుష్యుడు.

ఈ కథకు మరియొక అధ్యాయము గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున, కొత్తరెడ్డిపాలెములో జరిగినది. మాదిగ కులమునకు చెందిన కొన్ని కుటుంబములు, పూర్వము క్రైస్తవమునందుండి, 1980ల చివర యూదమతాచారములను అవలంబించినవి. తాము ఇశ్రాయేలులోని ఎఫ్రాయీము గోత్రపు వారసులమని వారి విశ్వాసము. అందుచేత 'బెనె ఎఫ్రాయీమ్', అనగా ఎఫ్రాయీము సంతతి, అని పేరు పెట్టుకొనిరి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరినిగూర్చి ఒక గ్రంథము ప్రకటించి, వంశము రుజువగునా కాదా అన్నదానికంటె, ఈ కొత్త పేరు కులవ్యవస్థను ఎట్లు ప్రశ్నించుచున్నదో పరిశీలించిరి. 80వ కీర్తనలో ఎఫ్రాయీము పేరు కలదు. అందు జనము ఒక ద్రాక్షతీగె. కంచె కూలగా దారినపోవువారు దానిని కోసికొందురు, అడవిపంది పెకలించును. రాత్రులు మంచె యెక్కి పంటను పందులనుండి కాచుకొను రైతులున్న ప్రాంతమున ఆ తీగెకథ తెలియనివారు అరుదు. దానిని పాడువారికి తమ పేరు కూడ అందున్నదని తోచినప్పుడు, ఆ పాట బరువు వేరు.

ఈ సమాజమువారు హెబ్రీ ప్రార్థనలను, హెబ్రీ లిపిని నేర్చుకొనుటకు పూనుకొనిరి. 119వ కీర్తనలో ఒక్కొక్క భాగము పైన నిలిచిన ఆలెఫ్, బేత్ అన్న మాటలను ఈ సీమవారు తరతరములుగా అర్థము తెలియకయే చూచి, దాటి చదివిరి. కొత్తరెడ్డిపాలెములో అవి ఓనమాలైనవి. ఊరి బడి అరుగు ఎక్కనీయబడనివారి వంశీయులు, తమ తాతలు చెవితో విని నేర్చిన కవిత్వమును, దాని మొదటి అక్షరమునుండి దిద్దుకొనుచున్నారు.