స్వతంత్ర వృత్తిలో తొలి పనికి కాగితమే రక్ష

న్యూఢిల్లీ: ఉద్యోగంలో చేరకుండా సొంతంగా పనులు చేపట్టదలచిన యువతీ యువకులకు తొలి అడుగే కష్టమవుతోంది. పని అడిగితే లోగడ చేసిన పనుల నమూనాలు చూపమంటారు. నమూనాలు ఉండాలంటే ముందుగా ఎవరో ఒకరు పని ఇవ్వాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదన్న సామెత ఫొటోగ్రాఫర్లు, డిజైనర్లు, రచయితల వంటి ఫ్రీలాన్సర్లకు సరిగ్గా సరిపోతుంది.

శాశ్వత ఉద్యోగ సంబంధం లేకుండా పనిచేసే ‘గిగ్’ కార్మికులు 2020-21లో దేశంలో 77 లక్షల మంది ఉన్నారని నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదికలో అంచనా వేసింది. 2029-30 నాటికి ఈ సంఖ్య 2.35 కోట్లకు చేరగలదని పేర్కొంది.

కొత్తవారికి తొలి పని సాధారణంగా పరిచయస్తుల ద్వారానే లభిస్తుంది. ఇరుగు పొరుగు దుకాణాలు, పాఠశాలలు, బంధువుల ఇళ్లలో శుభకార్యాలు ఇందుకు వేదికలవుతాయి. ఎవరూ పని ఇవ్వకున్నా మూడు నాలుగు నమూనాలను సొంతంగా రూపొందించుకోవచ్చు. అయితే అవి అభ్యాసం కోసం చేసినవని స్పష్టంగా పేర్కొనడం అవసరం.

‘డబ్బు ఇవ్వలేం, నమూనాగా చూపుకోండి’ అనే మాట నమ్మి కొత్తవారు ఉచితంగా పనిచేయడం పరిపాటి. ఆ చూపుకునే అనుమతి కాగితంపై లేకపోతే రేపు వివాదం తలెత్తవచ్చు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం స్వతంత్రంగా రాసి ఇచ్చిన వ్యాసంపై తొలి హక్కు రచయితదే. ఒకరి కోరికపై ప్రతిఫలం తీసుకుని తీసిన ఫొటోల విషయంలో మాత్రం, వేరే ఒప్పందం లేనట్లయితే, తొలి హక్కు పని చేయించుకున్న వారికే చెందుతుంది. కనుక పెళ్లి ఫొటోలను తన పోర్ట్‌ఫోలియోలో చేర్చదలచిన ఫొటోగ్రాఫర్ ఆ షరతును ముందే రాయించుకోవడం శ్రేయస్కరం.

బకాయిల సమస్య మరొకటి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం కింద నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు, లిఖిత ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులకు మించరాదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ చెల్లించాలి. వివాదాలను రాష్ట్రాలలోని ఫెసిలిటేషన్ కౌన్సిళ్ల ముందుకు తీసుకువెళ్లవచ్చు. ఇందుకు వీలు కల్పించే ‘ఉద్యమ్’ నమోదు 2020 జూలై 1 నుంచి అమలులో ఉంది. దీనికి రుసుము లేదు. పని ఒప్పుకోక ముందే నమోదు చేసుకోవడం మంచిది.

పని వివరం, గడువు, పారితోషికం, ఎన్నిసార్లు మార్పులు చేయాలి, నమూనాగా చూపుకునే హక్కు అనే అయిదు అంశాలు ఒక పేజీలో ఇమిడిపోతాయి. పరిచయస్తుల వద్ద ఈ కాగితం అడగడానికి కొత్తవారు మొహమాటపడుతుంటారు. కానీ ఆ ఒక్క పేజీ లేకపోతే చేసిన పనికి డబ్బూ దక్కక, రెండో క్లయింటుకు చూపడానికి నమూనా కూడా మిగలని పరిస్థితి ఏర్పడుతుంది.