కూరగాయలకు పెంటఎరువుతో పాటు జింకు, బోరాన్

(వాణిజ్య విలేఖరి)

టమాట పగిలినా, గోబీ కాడ లోపల గుల్లబారినా మండీలో ముందు పడిపోయేది రైతు ధర. ఆపైన ఏరివేతలో పోయే తరుగు వర్తకునిది. ఇందుకు నీటి ఎద్దడి ఒక కారణం కాగా, నేలలో బోరాన్ కొరత మరొకటి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల చెలక భూముల్లో ఈ కొరత కొత్తది కాదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 2002-04 మధ్య ఈ జిల్లాల్లోను, కర్నూలులోను రైతుల పొలాల మట్టిని పరీక్షించగా, చాలా పొలాల్లో గంధకం, బోరాన్, జింకు తక్కువగా ఉన్నట్లు తేలింది. హెక్టారుకు గంధకం 30 కిలోలు, జింకు 10 కిలోలు, బోరాన్ అర కిలో చొప్పున వేయగా మొక్కజొన్న, ఆముదం, వేరుశనగ, పెసర దిగుబడులు బాగా పెరిగాయి. అవి మెట్టపంటలే. అయితే అదే చెలకలో బోరుబావి కింద టమాట, బెండ వేసినంత మాత్రాన నేలలోని లోటు తీరదు.

పెంట దండిగా వేస్తే ఇవేవీ అక్కరలేదనే వారున్నారు. లెక్క చూడవచ్చు. ఎకరాకు వేసే 20 కిలోల జింకు సల్ఫేటులో (21 శాతం రకం) 4 కిలోలకు పైగా జింకు ఉంటుంది. పది టన్నుల పెంటలో కిలో దొరకడం కష్టం. పది టన్నులు తోలే రైతులు ఎందరున్నారో వర్తకులకు తెలియనిది కాదు. పెంట చేసే మేలు వేరు. తేలిక నేలలో తేమను, పోషకాలను అది పట్టి ఉంచుతుంది. జింకు మట్టిలో బిగుసుకుపోకుండా వేరుకు అందనిస్తుంది. అందుకే జింకు సల్ఫేటును మాగిన పెంటలో కలిపి ఆఖరి దుక్కిలో వేయమంటారు. పెంట చాలని చోట ఆముదపు పిండి ఉన్నది. అందులో నత్రజని సుమారు 4 శాతం. విషగుణం వల్ల పశువుల మేతకు పనికిరాదు గనుక ఆ సరుకుకు గిరాకీ ఎరువుగానే.

బోరాక్స్ ఎకరాకు 2 కిలోలు చాలు. మోతాదు మించితే పంటకే చేటు. జింకు సల్ఫేటును డి.ఎ.పి.తో కలిపి వేయరాదు. కలిపితే భాస్వరంతో చేరి రెండూ పంటకు అందవు.

ఆ గుణమే దుకాణదారుకు మరొక విధంగా పనికివస్తుంది. జింకు సల్ఫేటు పేరుతో మెగ్నీషియం సల్ఫేటు అంటగట్టడం ఈ వ్యాపారంలో పాత మోసం; చూపుకు రెండూ ఒకటే. డి.ఎ.పి. కరిగించి వడకట్టిన నీటిలో ఈ సరుకు కరిగించిన నీరు పోస్తే, అసలు జింకైతే విరిగిన పాలలా చిక్కగా ముద్ద కడుతుంది. మెగ్నీషియం అయితే అలా కట్టదు. బస్తాలు దించుకునే ముందే రెండు గాజు గ్లాసులతో ఈ పరీక్ష చేసుకోవచ్చు.