జ్ఞాపకం ఎక్కడ దాగి ఉంటుంది?

పిల్లలూ! మీ తాతగారి ఇనప్పెట్టె తెరవటానికి 47, 35 అనే రెండు అంకెలు కావాలనుకోండి. వాటిని ఒకే కాగితంమీద రాసి బందరులో దాచితే ఏమవుతుంది? 1864 నవంబరు 1వ తేదీన బందరును ఉప్పెన ముంచివేసింది. సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకుపడిన ఉప్పెన వేలకొలది ప్రాణాలను బలిగొన్నది. అటువంటి ఆపద వచ్చినప్పుడు ఒక్కచోట దాచినదంతా ఒక్కసారే పోతుంది.

అందుచేత ఇలా చేయండి. బందరులో అత్తయ్య దగ్గర 47, గుడివాడలో పిన్ని దగ్గర 35 ఉంచండి. రెండూ కూడితే 82 గదా! ఆ అంకె అవనిగడ్డలో మామయ్యకివ్వండి. బందరు కాగితం తడిసిపోయిందా? భయం లేదు. 82 లో నుంచి 35 తీసివేయండి, 47 వస్తుంది. గుడివాడ కాగితం పోతే 82 లో నుంచి 47 తీసివేయండి. అవనిగడ్డ కాగితం పోతే అసలు అంకెలు ఉండనే ఉన్నాయి. ఒక్కొక్క అంకెకు నకలు రాసి ఉంచాలంటే నాలుగు కాగితాలు కావాలి. మనకు మూడే సరిపోయినవి! కాని, ఒకేసారి రెండు కాగితాలు పోతే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు.

కంప్యూటర్లు కూడా ఇటువంటి పనే చేస్తాయి. వాటి విద్యుత్ వలయాలలో దాగేవి 0, 1 అనే రెండే అంకెలు. అంకెలు ఉండే చోట్లకు మన ఇళ్ళకున్నట్టే నంబర్లుంటాయి. ఒక చోటు చెడితే అక్కడి అంకె పోతుంది. అందుకని అసలు అంకెలతోపాటు కొన్ని కాపలా అంకెలను కూడా దాస్తారు. ఏ అంకె తప్పిందో కనిపెట్టి, దానిని సరిదిద్దే పద్ధతిని రిచర్డ్ హామింగ్ అనే అమెరికా గణితశాస్త్రజ్ఞుడు 1950లో ప్రకటించాడు.

మరి మన మెదడు సంగతి? పెడనలో అద్దిన కలంకారీ దుప్పటి చిరిగి, నెమలి తోక మాత్రమే కనిపిస్తున్నదనుకోండి. "ఇది నెమలి!" అని మీరు ఇట్టే చెబుతారు. తునక చూస్తే మొత్తం ఎలా గుర్తుకొచ్చింది? కలిసి పనిచేసే నాడీకణాల మధ్య బంధం బలపడుతుందని 1949లో కెనడా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ హెబ్ ఊహించాడు. ఆ ఊహను అనుసరించి, 1982లో జాన్ హాప్‌ఫీల్డ్ ఒక కృత్రిమ నాడీవలయాన్ని రూపొందించాడు. అందులో నెమలి బొమ్మ ఏ ఒక్క కణంలోనూ ఉండదు. బంధాలన్నిటిలోనూ పరుచుకుని ఉంటుంది. సగం బొమ్మ చూపితే మిగతా సగాన్ని వలయమే పూర్తిచేస్తుంది. కొన్ని బంధాలు తెగినా బొమ్మ ఒక్కసారిగా మాయం కాదు. అయితే మరీ ఎక్కువ బొమ్మలు కుక్కితే మాత్రం అవి కలగాపులగమై, తప్పు బొమ్మ బయటికి వస్తుంది! ఈ కృషికిగాను 2024లో జెఫ్రీ హింటన్‌తోపాటు హాప్‌ఫీల్డ్‌కు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

దివిసీమ ఉప్పెనను చూసిన పెద్దలు మీ ఊళ్ళో ఉంటే అడిగి చూడండి. నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఒకరికి గుర్తుంటుంది. ఏ మేడ ఎక్కి బ్రతికారో మరొకరికి గుర్తుంటుంది. ఒకరు చెప్పినదానిని ఇంకొకరు చెప్పినదానితో సరిచూసి రాసి, నాలుగిళ్ళలో దాచండి. రేపు మరో తుపాను వచ్చిననాడు ఆ జ్ఞాపకమే మరికొందరి ప్రాణాలు కాపాడవచ్చు.