తుపాను కబురు దేశాలు దాటి ఎలా వస్తుంది? మారుతున్న వాతావరణ నెట్‌వర్క్

1989 నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటిన తుపాను నెల్లూరు జిల్లా పెద్దవాళ్లకి ఇప్పటికీ గుర్తే. కావలి తుపాను అనే అంటారు. కానీ అది పుట్టింది మన సముద్రంలో కాదు. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, ‘గే’ అనే పేరుతో నవంబరు 4న ఆ దేశంలోని చుంఫోన్ తీరాన్ని తాకింది. అక్కడ వందల ప్రాణాలు తీసి, ఆ సన్నటి నేల దాటి అండమాన్ సముద్రంలో పడింది. అక్కణ్నుంచి బంగాళాఖాతం మీదుగా నేరుగా కావలికి వచ్చింది. చుంఫోన్‌కీ కావలికీ మధ్య నాలుగు రోజులు.

ఇలాంటి తుపాను గురించి మొదటి అంకెలు మన దగ్గర ఉండవు. గాలి వేగం, పీడనం, వాన లెక్క అన్నీ ముందు అవతలి దేశపు వాతావరణ శాఖ చేతికి వస్తాయి. వాళ్లు ఎంత త్వరగా పంపితే మనకు అంత వ్యవధి. మైపాడులో, జువ్వలదిన్నెలో వేటకి పోయిన బోటు వెనక్కి తిరగాలన్నా, రొయ్యల గుంట దగ్గర కాపలా ఉన్న మనిషి గట్టు దిగి ఊళ్లోకి రావాలన్నా ఆ వ్యవధే ఆధారం. దేశాల మధ్య ఆ అంకెల్ని మోసే నెట్‌వర్క్‌నే ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా మార్చేస్తున్నారు.

ఈ మార్పులో ఢిల్లీది చిన్న పాత్ర కాదు. భారత వాతావరణ శాఖ ఢిల్లీ కేంద్రం 1988 నుంచి ఉత్తర హిందూ మహాసముద్రం మొత్తానికి తుపాను కేంద్రంగా పనిచేస్తోంది. దాని సలహాలు 13 దేశాలకు వెళ్తాయి: భారత్‌తో పాటు బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు, మయన్మార్, థాయ్‌లాండ్, ఒమన్, యెమెన్, సౌదీ అరేబియా, యూఏఈ, ఖతర్, ఇరాన్. తుపానులకు పేర్లు పెట్టేదీ ఈ దేశాలే. 2020లో నెల్లూరును వానతో ముంచిన ‘నివర్’ ఇరాన్ ఇచ్చిన పేరు, మరుసటి ఏడాది ఉత్తరాంధ్రకు వచ్చిన ‘గులాబ్’ పాకిస్తాన్ ఇచ్చినది. 2018 మేలో మెకును తుపాను ఒమన్‌లోని సలాలా మీదికి పోయినప్పుడు ఇక్కడి నుంచి అక్కడికి పనికెళ్లిన వాళ్లకి అందిన హెచ్చరికల వెనుక కూడా ఢిల్లీ లెక్కలున్నాయి. రాజకీయంగా మాటల్లేని దేశాల మధ్య కూడా వాతావరణ అంకెలు మాత్రం రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. దీన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

అసలు ఆ అంకెలు ఎలా ఉంటాయి? తెల్లవారి 5:30కి, ఫజర్ నమాజు అయ్యే వేళకి, ప్రపంచంలోని వాతావరణ కేంద్రాలన్నీ ఒకేసారి కొలతలు తీస్తాయి. గ్రీన్‌విచ్ లెక్కలో అది సున్నా గంట. నెల్లూరు కేంద్రం నంబరు 43245, కావలిది 43243. మొదటి 43 చూడగానే అది ఏ ప్రాంతమో ఏ దేశం వాళ్లకైనా తెలిసిపోతుంది. ఆ తర్వాత వచ్చేవి ఐదేసి అంకెల గుంపులు. 10284 అని ఉంటే ఉష్ణోగ్రత 28.4 డిగ్రీలు. 40003 అంటే సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 1000.3 హెక్టాపాస్కల్స్. టెలిగ్రాఫ్, టెలిప్రింటర్ల కాలంలో ఖర్చు తగ్గాలని అలా కుదించారు.

ఈ సందేశాలు మోసే పాత వ్యవస్థ పేరు గ్లోబల్ టెలికమ్యూనికేషన్ సిస్టం, క్లుప్తంగా జీటీఎస్. 1963లో మొదలైన ప్రపంచ వాతావరణ పర్యవేక్షణ కార్యక్రమంలో భాగంగా ఇది పెరిగింది. బ్యాంకుల చెక్ క్లియరింగ్ లాంటిదనుకోండి. నెల్లూరు చెక్కు నేరుగా వేరే ఊరి బ్యాంకుకు పోదు, క్లియరింగ్ కేంద్రం మీదుగా పోతుంది. అలాగే ఒక దేశపు సందేశం దగ్గరి ప్రాంతీయ కేంద్రానికి, అక్కణ్నుంచి ఇంకో కేంద్రానికి చేరుతుంది. ఢిల్లీ, బ్యాంకాక్, జెడ్డా అలాంటి కేంద్రాలే. ఏ సందేశం ఎటు పోవాలో ప్రతి కేంద్రంలో ముందే పట్టిక రాసిపెట్టాలి. కొత్త కేంద్రం ఒకటి చేరితే దారి పొడవునా పట్టికలు సవరించాలి. ఉపగ్రహాలు, డాప్లర్ రాడార్లు ఇచ్చే బరువైన సమాచారానికి ఈ దారి ఇరుకు.

ఇరుకు ఒక్కటే అయితే గొట్టం పెద్దది వేస్తే సరిపోయేది. అసలు భయం వేరే. పైన చెప్పిన 40003ని దారిలో ఎవరైనా 49903గా మార్చారనుకోండి. పీడనం 1000.3 నుంచి 990.3కి పడిపోయినట్టు అవుతుంది. పీడనం తగ్గడమంటే తుపాను బలపడటం. నేల మీదైతే పక్క కేంద్రాల అంకెలతో పోల్చి కంప్యూటర్ ఆ తేడాను పట్టేస్తుంది. నడి సముద్రంలో ఒకటీ అరా బోయాలు మాత్రమే ఉన్నచోట పోల్చడానికి ఏముంటుంది? ఊరికే తుపాను ఉందంటే ఒకసారి నమ్ముతారు, రెండోసారి బోటు ఆగదు. ఉన్న తుపానును లేదని చెబితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వాతావరణ శాఖల మీద ఎవరు దాడి చేస్తారు అనిపించవచ్చు. చేశారు. 2014లో అమెరికా వాతావరణ సంస్థ నోవా నెట్‌వర్క్‌లోకి హ్యాకర్లు చొరబడ్డారు, దాన్ని సరిచేసే క్రమంలో ఉపగ్రహ సమాచారం కొంతసేపు ఆగిపోయింది. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ కంప్యూటర్లపై 2015లో బయటపడిన దాడిని తర్వాతి ఏడాది ఆ దేశ ప్రధానే ఒప్పుకున్నారు.

కొత్త వ్యవస్థ పేరు విస్ 2.0. ప్రపంచ వాతావరణ సంస్థ దీన్ని 2025 నుంచి అమల్లో పెట్టింది, జీటీఎస్‌ను 2033 నాటికి పూర్తిగా పక్కన పెట్టాలనేది ప్రణాళిక. ఇది చెక్ క్లియరింగ్ కన్నా యూపీఐకి దగ్గర. డబ్బు పడగానే ఫోన్ మోగినట్టు, కొత్త కొలత రాగానే ‘ఇదిగో వచ్చింది, ఇక్కడుంది’ అని చిన్న కబురు వెళ్తుంది. కావలసిన దేశం ఆ లింకు పట్టుకుని తెచ్చుకుంటుంది. కబుర్లు పంచే కేంద్రాలు బ్రెజిల్, చైనా, ఫ్రాన్స్, అమెరికాల్లో ఉన్నాయి. ముఖ్యమైన సమాచారపు నకళ్లను కనీసం 24 గంటలు దాచి ఉంచే కేంద్రాల్లో సౌదీ అరేబియాది ఒకటి. ఒకచోట కూలినా ఇంకోచోట దొరుకుతుంది.

తాళం ఎక్కడ వేశారన్నది చూడాలి. కబుర్ల కేంద్రాల్లోకి చదవడానికి వెళ్లాలంటే యూజర్‌నేమ్ ‘ఎవ్రీవన్’, పాస్‌వర్డ్ కూడా ‘ఎవ్రీవన్’. బ్యాంకులో ఎవరైనా ఇలా పెడితే ఉద్యోగం ఊడుతుంది! కానీ ఇక్కడ దాచేదేం లేదు. ముఖ్య సమాచారం అందరికీ ఉచితంగా ఇవ్వాలని దేశాలన్నీ 2021లో ఒప్పుకున్నాయి. రాసే వైపే గట్టి తాళం. ఒక దేశం తరఫున ఆ దేశపు అధికార ప్రతినిధి నమోదు చేసిన కేంద్రం మాత్రమే సమాచారం పెట్టగలదు. దారి పొడవునా సందేశం గుప్త రూపంలో, మన బ్యాంకు యాప్ వాడే పద్ధతిలోనే పోతుంది. కబురుతో పాటు ఫైలుకు డిజిటల్ ముద్ర జతచేసే వీలు కూడా ఉంది. ఒక్క అంకె మారినా ఆ ముద్ర సరిపోదు.

లోటు లేకపోలేదు. పాత వ్యవస్థకు చాలాచోట్ల సొంత లైన్లు ఉండేవి. కొత్తది మామూలు ఇంటర్నెట్ మీద ఆధారపడుతుంది. యుద్ధంలో చితికిన యెమెన్, మయన్మార్ లాంటి చోట్ల నెట్ పోతే అంకెలూ పోతాయి. చిన్న దేశాల కోసం విస్2బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు, మంచిదే. దాన్ని నడిపే మనిషిని, కరెంటును మాత్రం ఆ దేశమే చూసుకోవాలి. కష్టమంతా అక్కడే ఉంది.

2033 దాకా రెండు వ్యవస్థలూ పక్కపక్కనే నడుస్తాయి. ఒకదాని సందేశాన్ని ఇంకోదానిలోకి మార్చే వారధులు పెట్టారు. నెల్లూరు తీరంలో పైకి ఏ మార్పూ కనిపించదు. కృష్ణపట్నం రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు అవే. తీరం దాటడానికి 72 గంటల ముందు తుపాను సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక ఎటు పోతుందన్న అంచనా, ఈ నాలుగు మెట్లూ అవే. వాటి వెనుక వచ్చే అంకెల దారి మాత్రమే మారుతోంది.