కండకు పొడి చాలునా?

వ్యాయామము ముగిసిన వెంటనే మూడు అమైనో ఆమ్లముల పొడిని నీట కలిపి త్రాగు యువకులు నేడు పెక్కుమంది కలరు. ఆ పొడి నిజముగా కండ పెంచునా?

మన దేహములోని మాంసకృత్తులన్నియు 20 అమైనో ఆమ్లముల కూర్పులు. వానిలో తొమ్మిదింటిని శరీరము స్వయముగా నిర్మించుకొనజాలదు గనుక, అవి ఆహారమునుండియే రావలయును. పొడిలోని ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అను మూడును ఆ తొమ్మిదింటిలోనివే. వీనిలో ల్యూసిన్ కండర కణములకు నిర్మాణారంభ సంకేతము నిచ్చునన్నమాట సత్యమే; కాని మేస్త్రి కేక వేసినంతమాత్రమున, ఇటుకలు లేనిదే గోడ లేచునా? తక్కిన ఆరును అందనప్పుడు దేహము తన కండనే కరగించి వానిని సమకూర్చుకొనవలసివచ్చును.

గ్రుడ్డు, పాలు, మాంసము మొదలగువానియందు తొమ్మిదియు సమృద్ధిగా కలవు. ఒక గ్రుడ్డున సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుండును. శాకాహారులు చింతింపనక్కరలేదు: బియ్యమున కొరవడిన లైసిన్ పప్పునందును, పప్పున కొరవడిన మెథియొనిన్ బియ్యమునందును లభించును గనుక, పప్పన్నము (ఈ సంగతి మన అవ్వలకు ఏ ప్రయోగశాలయు చెప్పలేదు!) ఆ లోటును పూరించును.

విడి ఆమ్లములు రక్తమున త్వరగా చేరుననుట నిజమే. అయినను కండర నిర్మాణము వ్యాయామానంతరము ఒక దినమువరకును చురుకుగానే సాగుచుండును గనుక, నిమిషముల తొందర అనవసరము. దినమంతటిలో తగినంత మాంసకృత్తులు భుజించువానికి ఆ డబ్బా కొనుట దండుగ.