కాడి నుంచి కొక్కెం దాకా: ట్రాక్టర్ ట్రాలీ బరువు లెక్క

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో పండే కూరగాయలు, పూలు హైదరాబాద్–బీజాపూర్ రహదారికి చేరాలన్నా, ఎరువు, ఇటుక, ఇసుక ఆ రహదారి నుంచి ఊళ్లలోకి రావాలన్నా, చాలాచోట్ల కదలవలసింది ట్రాక్టర్ వెనుక ట్రాలీయే. సొంత ఇంజిను లేకుండా మరో వాహనం లాగితే నడిచే ఈ బండిని 1988 నాటి మోటారు వాహనాల చట్టం ‘ట్రెయిలర్’ అని విడిగా నిర్వచించింది. దానిని ఎంచుకునేటప్పుడు తొట్టి ఎంత పెద్దదన్న ప్రశ్నే ముందు వస్తుంది గాని, నింపిన బరువు ఎక్కడ ఆనుతుంది, కదిలిన బరువు ఎలా ఆగుతుంది అన్నవే అసలు ప్రశ్నలు.

మొదటి ప్రశ్న ఎడ్లబండి తోలినవారికి కొత్తది కాదు. సరుకు ఇరుసుకు ముందు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను నొక్కుతుంది. వెనుక ఎక్కువైతే కాడి పైకి లేచి, దానికి కట్టిన తాళ్లు గొంతుకు బిగుసుకుంటాయి. రెండు చక్రాల ట్రాలీకీ ఇదే తులాదండ సూత్రం వర్తిస్తుంది. సరుకుతో కలిపి 4 టన్నులు తూగే ట్రాలీ గరిమనాభి, అంటే మొత్తం బరువు ఒక్కచోట చేరినట్టు భావించే బిందువు, ఇరుసుకు 30 సెంటీమీటర్ల ముందు ఉండి, కొక్కెం 3 మీటర్ల ముందు ఉంటే, బరువులో పదో వంతు, అంటే 400 కిలోలు, కొక్కెం మీద పడతాయి. ఈ భారం ట్రాక్టర్ వెనుక టైర్లను నేలకు అదిమి పట్టు పెంచుతుంది. మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు అదుపు తప్పుతుంది. గరిమనాభి ఇరుసుకు అంతే దూరం వెనుక ఉంటే, అదే బలం కొక్కేన్ని పైకెత్తి వెనుక టైర్ల పట్టును తగ్గిస్తుంది. ఎద్దు మెడ విదిలించి చెప్పే మాటను ఇంజిను చెప్పదు కనుక, ఆ లెక్క మనిషే వేసుకోవాలి.

నాలుగు చక్రాల ట్రాలీ తన బరువును రెండు ఇరుసుల మీద తానే మోస్తుంది. అందువల్ల ట్రాక్టర్ మీద పైనుంచి పడే భారం దాదాపు ఉండదు గాని, బురదపొలంలో ట్రాక్టర్ టైర్లకు అదనపు పట్టూ దొరకదు, వెనక్కి నడపడమూ కష్టమవుతుంది. ఇక 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 3.4 ఘనమీటర్లు పడతాయి. ఇసుక ఘనమీటరుకు దాదాపు 1.6 టన్నులు తూగుతుంది కనుక, అంచు వరకు నింపితే బరువు 5 టన్నులు దాటుతుంది; అదే తొట్టి నిండా బంతిపూలు పోసినా టన్ను కూడా తూగవు. తొట్టి నిండటం వేరు, రిజిస్ట్రేషన్ పత్రంలో రాసిన మొత్తం బరువుకు చేరటం వేరు.

రెండో ప్రశ్న ఆగడం గురించి. వేగం రెట్టింపైతే గతిశక్తి, అంటే కదలిక వల్ల వస్తువుకు ఉండే శక్తి, నాలుగు రెట్లవుతుంది. సొంత బ్రేకులు లేని ట్రాలీ, పల్లంలోనో వానకు తడిసిన తారురోడ్డు మీదనో ట్రాక్టర్ బ్రేకు పడగానే దానిని వెనుక నుంచి నెడుతుంది. ఆ నెట్టుడు సూటిగా లేకపోతే రెండు బండ్లూ కొక్కెం దగ్గర మడతపడతాయి. అందుకే బ్రేకులున్న ట్రాలీని ఎంచుకోవాలి. పొలంలో విడివిడిగా వాడే ట్రాక్టర్ కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలిపి గొళ్లెం వేయాలి. కొక్కెం చీల ఊడిపోకుండా క్లిప్పు, చీల విరిగినా ట్రాలీ విడిపోకుండా గొలుసు ఉండాలి. ట్రాలీని ట్రాక్టర్ వెనుక ఇరుసుకన్నా ఎత్తులో తగిలిస్తే, బలంగా లాగేటప్పుడు ట్రాక్టర్ ముందుభాగం లేచి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. మర్రిచెట్ల నీడలు పరచుకున్న హైదరాబాద్–బీజాపూర్ రహదారిపై, మునిమాపువేళ నెమ్మదిగా సాగే ట్రాలీ వెనుక వచ్చేవారికి కనిపించాలంటే వెనుక దీపాలు, ఎర్రని రిఫ్లెక్టర్ పట్టీలు దుమ్ము తుడిచి ఉండాలి.

కొక్కెం భారాన్ని కొలవడానికి ఊరి వేబ్రిడ్జి చాలు. ట్రాక్టర్‌ను ఒకసారి విడిగా తూచి, నింపిన ట్రాలీ తగిలించాక ట్రాక్టర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేటట్టు మళ్లీ తూస్తే, పెరిగినంత బరువే కొక్కెం మోస్తున్న భారం. రెండో తూకం తగ్గితే సరుకు వెనక్కి మొగ్గిందని అర్థం; దానిని ముందుకు సర్దిన తరువాతే బండి రోడ్డెక్కాలి.